లేని కుర్చీకి ఎన్నిక: వాషింగ్టన్ నగరపు నీడ సెనేటర్లు

ఎన్నిక అనే మాటకు రాజనీతి శాస్త్రం చదివే మొదటి సంవత్సరం విద్యార్థి కూడా తడుముకోకుండా చెప్పగల అర్థం ఒకటి వుంది. ఒక స్థానం వుంటుంది. అది ఎవరికి దక్కాలో హక్కున్నవాళ్లు ఓటు వేసి తేలుస్తారు. గెలిచినవాడు వెళ్లి అందులో కూర్చుంటాడు, ప్రమాణం చేస్తాడు, చర్చలో మాట్లాడతాడు, బిల్లు మీద ఓటు వేస్తాడు, నెలకింత జీతం తీసుకుంటాడు. మరి స్థానమే లేకుండా ఎన్నిక జరిగితే? గెలిచినవాడికి సభలో కుర్చీ లేదు, ఓటు లేదు, జీతం లేదు. అయినా నామినేషన్లు వేస్తారు, ప్రచారం చేస్తారు, జనం వచ్చి ఓటు వేస్తారు, ఫలితం ప్రకటిస్తారు. ఇది ఏ నాటకంలోనో ముచ్చట కాదు. ప్రపంచానికంతటికీ ప్రజాస్వామ్య పాఠం చెప్పే అమెరికా దేశపు రాజధాని నగరంలో 1990 నుంచీ క్రమం తప్పకుండా జరుగుతున్న వ్యవహారం.

ఇలా గెలిచినవాళ్లను అక్కడ ‘షాడో సెనేటర్లు’ అంటారు. మనం నీడ సెనేటర్లు అందాం. బ్రిటిష్ పార్లమెంటులో ప్రతిపక్షం పెట్టుకునే షాడో కాబినెట్‌తో దీనికి చుట్టరికం లేదు. అక్కడి నీడ మంత్రులు నిజంగా సభలో కూర్చునే సభ్యులే. ఇక్కడ వున్నది నీడ ఒక్కటే. తమాషా ఏమిటంటే బ్యాలెట్ కాగితం మీద మాత్రం ‘నీడ’ అన్న మాటే కనిపించదు, యునైటెడ్ స్టేట్స్ సెనేటర్ అనే వుంటుంది. మరొక మాట ముందే చెప్పుకుంటే మంచిది. ఈ వ్యాసంలో కాంగ్రెసు అన్నచోటల్లా అమెరికా జాతీయ శాసనసభ, అంటే సెనేట్, ప్రతినిధుల సభ రెండూ కలిపి, అని అర్థం చేసుకోవాలి. మన కాంగ్రెసు పార్టీ కాదు.

అసలు ఆ నగరానికి ఈ గతి ఎందుకు పట్టిందో తెలియాలంటే 1783 జూన్ నెలకు వెళ్లాలి. స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సైనికులు జీతం బకాయిల కోసం ఫిలడెల్ఫియాలో కాంగ్రెసు సమావేశమైన భవనాన్ని చుట్టుముట్టారు. పెన్సిల్వేనియా రాష్ట్ర ప్రభుత్వం తన దళాలను పంపి కాపాడలేదు. కాంగ్రెసు ఊరు విడిచి ప్రిన్స్‌టన్‌కు పోవలసి వచ్చింది. ఏ రాష్ట్రం దయ మీదా ఆధారపడని చోటు తమకు కావాలన్న ఆలోచన ఆ అవమానంలోంచి గట్టిపడింది. రాజ్యాంగం మొదటి అధికరణం 8వ సెక్షన్‌లో, పది మైళ్ల చదరానికి మించని ఒక జిల్లా మీద సర్వ శాసనాధికారం కాంగ్రెసుదే అని రాసుకున్నారు. 1790లో చట్టం చేసి పొటోమాక్ నది ఒడ్డున మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రాలు ఇచ్చిన భూమిని తీసుకున్నారు. ప్రభుత్వం 1800లో అక్కడికి మారింది.

ఆ జిల్లాలో వుండే మనుషుల సంగతి? ‘ఫెడరలిస్టు’ 43వ వ్యాసంలో జేమ్స్ మాడిసన్ ఆ విషయం తాకి వదిలేశాడు. స్థానిక అవసరాల కోసం వాళ్లు ఎన్నుకున్న సభ ఒకటి వాళ్లకు వుంటుందిలే అని ఆయన ధీమా. జాతీయ సభలో ప్రాతినిధ్యం గురించి రాజ్యాంగం నోరు మెదపలేదు. సెనేటుకు సభ్యులు ‘రాష్ట్రాల’ నుంచి వస్తారు, ప్రతినిధులను ‘రాష్ట్రాల’ ప్రజలు ఎన్నుకుంటారు అని వుంది. జిల్లా రాష్ట్రం కాదు, కనక ఏమీ లేదు. 1800 సంవత్సరపు ఎన్నికలలో మేరీలాండ్ ఓటర్లుగానో వర్జీనియా ఓటర్లుగానో ఓటు వేసినవాళ్లు, 1801 చట్టం వచ్చేసరికి అదే ఇంట్లో, అదే మంచం మీద పడుకుని వుండగానే ఆ హక్కు పోగొట్టుకున్నారు. అప్పటికి పట్టుమని పదిహేను వేలమంది లేరు కాబట్టి దేశానికి పట్టలేదు. వర్జీనియా వైపు భాగం 1846లో చేసిన చట్టంతో తిరిగి వర్జీనియాకే పోయింది. మిగిలింది మేరీలాండ్ ఇచ్చిన ముక్క. 2020 జనాభా లెక్కల్లో ఆ ముక్కలో 6,89,545 మంది తేలారు. అదే లెక్కలో ఇద్దరేసి సెనేటర్లున్న వయోమింగ్ రాష్ట్రంలో 5,76,851 మంది, వెర్మాంట్‌లో 6,43,077 మంది.

ఇది కేవలం రాజ్యాంగం రాసినవాళ్ల మరుపు అని సరిపెట్టుకుంటే సగం కథే చెప్పినట్టు. రెండో సగం రంగుకు సంబంధించినది. అంతర్యుద్ధం తర్వాత, 1867 జనవరిలో, అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వద్దన్నా వినకుండా కాంగ్రెసు ఆ నగరంలోని నల్లజాతి పురుషులకు ఓటు హక్కు ఇచ్చింది. 1871లో జిల్లాకు ఎన్నికైన సభ కూడా వచ్చింది, జాతీయ సభలో ఓటులేని ప్రతినిధి ఒకడు వచ్చాడు. అప్పుల సాకు మీద 1874లో ఆ ఏర్పాటును ఎత్తేసి, నియమితులైన ముగ్గురు కమిషనర్ల చేతిలో పెట్టారు. అది దాదాపు వందేళ్లు నడిచింది. అప్పు నిజమే, కాదనలేం. కానీ అప్పుల్లో పడిన ఊరికి ఓటు తీసేయడం ఏ వైద్యం? అలబామా సెనేటరు జాన్ టైలర్ మోర్గన్ 1890లో సెనేట్‌లోనే దాచుకోకుండా చెప్పాడు. నల్లవాళ్లను ఎలుకలతోను, నగర ప్రభుత్వాన్ని గాదెతోను పోల్చి, ఎలుకలను వదిలించుకోవడానికే గాదెను తగలబెట్టారన్నాడు. తెల్లవాళ్లు కూడా ఆ మంటలోనే తమ ఓటు పోగొట్టుకున్నారు.

తిరిగి రావడం మెల్లగా, చుక్కచుక్కగా వచ్చింది. 1961లో 23వ రాజ్యాంగ సవరణతో అధ్యక్షుడి ఎన్నికలో పాల్గొనే హక్కు దొరికింది. 1964లో మొదటిసారి ఆ ఓటు వేశారు. 1970 చట్టంతో ప్రతినిధుల సభకు ఓటులేని డెలిగేటును పంపుకునే వీలు వచ్చింది, 1971లో వాల్టర్ ఫాంట్రాయ్ ఎన్నికయ్యాడు. 1973లో స్వపరిపాలన చట్టం వచ్చింది. మేయరు, పదమూడుగురు సభ్యుల కౌన్సిల్ వచ్చాయి. అయితే ఆ కౌన్సిల్ చేసిన ప్రతి చట్టమూ కాంగ్రెసు ముందు కొంతకాలం పడివుండాలి, కాదంటే రద్దు. జడ్జీలను నియమించేది దేశాధ్యక్షుడు. పొరుగు రాష్ట్రాల నుంచి రోజూ వచ్చి పనిచేసుకుపోయేవాళ్ల ఆదాయం మీద నగరం పన్ను వేయకూడదు. ఫెడరల్ ఆదాయపు పన్ను మాత్రం నగరవాసులు అందరిలాగే కడతారు.

మన ఢిల్లీ గుర్తుకు రావడం సహజం. ఢిల్లీకీ పూర్తి రాష్ట్ర ప్రతిపత్తి లేదు, 69వ సవరణ తర్వాత 1993లో శాసనసభ వచ్చింది, పోలీసు, భూమి కేంద్రం చేతిలో వున్నాయి, కేంద్రంతో తగాదా ఎప్పుడూ వుంటూనే వుంది. కానీ ఢిల్లీవాడికి లోక్‌సభలో ఏడుగురు, రాజ్యసభలో ముగ్గురు సభ్యులున్నారు. వాషింగ్టన్‌వాడికి ఆ మాత్రం కూడా లేదు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువాళ్లలో రాజధాని చుట్టుపక్కల వుండేవాళ్లు చాలామంది వర్జీనియా, మేరీలాండ్ శివార్లలో వుంటారు. పౌరసత్వం తీసుకుని ఆర్లింగ్టన్‌లో ఓటరుగా వున్న ఒక కుటుంబం, ఆఫీసుకు దగ్గరని వంతెన దాటి నగరంలోకి ఇల్లు మారితే, మర్నాటి నుంచి ఇద్దరు సెనేటర్లూ ఒక పూర్తిస్థాయి ప్రతినిధీ చేజారిపోయినట్టే. దేశం మారలేదు, పన్ను మారలేదు, నది ఒక్కటే దాటారు.

ఇక అసలు విషయానికి వస్తాను. 1970 ప్రాంతంలో పౌరహక్కుల కార్యకర్త జూలియస్ హాబ్సన్ తదితరులు, ఈ చుక్కల మందు చాలదు, రాష్ట్రమే కావాలి అని పార్టీ పెట్టారు. కాంగ్రెసు వేరే దారి పట్టింది. రాష్ట్రం చేయకుండానే రాష్ట్రంతో సమానంగా ప్రాతినిధ్యం ఇచ్చే రాజ్యాంగ సవరణను 1978లో రెండు సభలూ ఆమోదించాయి. ముప్పైఎనిమిది రాష్ట్రాలు ఒప్పుకోవాలి. 1985లో గడువు తీరేసరికి ఒప్పుకున్నవి పదహారు. ఆ వైఫల్యం వచ్చేదాకా నగరం కూర్చుని ఎదురుచూడలేదు. 1980 నవంబరులో ఓటర్లే ఒక ప్రజా ప్రతిపాదన గెలిపించారు. దాని ప్రకారం రాజ్యాంగం రాసే సభను ఎన్నుకోవాలి, రాష్ట్ర ప్రతిపత్తి కోసం కాంగ్రెసులో పనిచేయడానికి ఇద్దరు సెనేటర్లనూ ఒక ప్రతినిధినీ ముందుగానే ఎన్నుకోవాలి. 1982లో నలభైఐదుగురు సభ్యుల సభ ‘న్యూ కొలంబియా’ అనే రాష్ట్రానికి రాజ్యాంగం రాసింది. ఆ ఏడాది నవంబరులో ఓటర్లు స్వల్ప ఆధిక్యంతో ఒప్పుకున్నారు.

పెళ్లి కుదరకముందే పందిరి వేసినట్టున్న ఈ ఎన్నిక ఎవరి బుర్రలో పుట్టిందని అడగవచ్చు. ఇది కొత్తది కాదు. దీనికి ‘టెన్నెసీ పథకం’ అని పేరే వుంది.

ఒహాయో నదికి దక్షిణాన వున్న ప్రాంతం 1790లలో కేంద్రం పాలించే టెరిటరీ. కాంగ్రెసు పిలుపు కోసం వాళ్లు ఆగలేదు. 1795లో తామే జనాభా లెక్క తీసుకున్నారు. రాష్ట్రానికి కావలసిన అరవైవేల మంది దాటారని తేలింది. 1796 మొదట్లో రాజ్యాంగం రాసుకున్నారు, గవర్నరును, శాసనసభను ఎన్నుకున్నారు. ఆ శాసనసభ విలియం బ్లౌంట్, విలియం కాక్ అనే ఇద్దరిని సెనేటర్లుగా ఎన్నుకుని అప్పటి రాజధాని ఫిలడెల్ఫియాకు పంపింది. (అప్పట్లో సెనేటర్లను జనం నేరుగా ఎన్నుకునేవారు కారు.) వాళ్లు వెళ్లి, మేం వచ్చాం, మా కుర్చీలు ఏవి అన్నారు. ఫెడరలిస్టులకు ఒళ్లు మండింది. ఆ ఏడాదే అధ్యక్షుడి ఎన్నిక, కొత్త రాష్ట్రపు ఓట్లు జెఫర్సన్‌కు పడతాయని వాళ్ల భయం. అయినా 1796 జూన్ 1న టెన్నెసీ రాష్ట్రమయింది. ఇక్కడ ఒక చిన్న విడ్డూరం. రాష్ట్రం కాకముందు జరిగిన ఎన్నిక చెల్లదని సెనేట్ ఆ ఇద్దరినీ కూర్చోనివ్వలేదు. వాళ్లను మళ్లీ ఎన్నుకుని పంపవలసి వచ్చింది. అంటే మొదటి ఎన్నిక చట్టం దృష్టిలో ఉత్తిదే, కాని రాష్ట్రాన్ని తెచ్చిపెట్టడంలో దానికీ వాటా వుంది.

తర్వాత మిషిగన్, కాలిఫోర్నియా వంటివి ఇదే దారిలో నడిచాయి. వాటిని వదిలి అలాస్కా దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే వాషింగ్టన్‌వాళ్లకు దగ్గరి ఉదాహరణ అదే. అలాస్కా రాజ్యాంగ సభ 1955 నవంబరు నుంచి 1956 ఫిబ్రవరి దాకా ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గరి విశ్వవిద్యాలయంలో జరిగింది. విద్యార్థి సంఘం కోసం కట్టిన కొత్త భవనంలోనే యాభైఐదుగురు సభ్యులు కూర్చుని రాజ్యాంగం రాశారు. ఆ భవనానికి తర్వాత కాన్‌స్టిట్యూషన్ హాల్ అని పేరు పెట్టారు. విద్యార్థి సంఘపు గదులలో క్యారమ్స్ ఆడటమే కాక మరేదైనా జరగవచ్చని మన సంఘంవారు గమనించాలి. న్యూ ఆర్లియన్స్ వ్యాపారి జార్జ్ లెలైట్నర్ వచ్చి టెన్నెసీ కథను ఆ సభకు వినిపించాడు. వాళ్లు పట్టుకున్నారు. 1956 అక్టోబరులో ఎర్నెస్ట్ గ్రూనింగ్, విలియం ఈగన్‌లను సెనేటర్లుగా, రాల్ఫ్ రివర్స్‌ను ప్రతినిధిగా ఎన్నుకున్నారు. 1957 జనవరిలో సెనేట్ వాళ్లను గ్యాలరీలో కూర్చోబెట్టి సభకు పరిచయం చేసింది, అంతకుమించి ఏమీ ఇవ్వలేదు. కాని ఆ ముగ్గురూ రాజధానిలోనే మకాం పెట్టి సభ్యుల వెంటపడ్డారు. 1959 జనవరి 3న అలాస్కా రాష్ట్రమయింది. గ్రూనింగ్ నిజం సెనేటరు, రివర్స్ నిజం ప్రతినిధి, ఈగన్ తొలి గవర్నరు అయ్యారు.

వాషింగ్టన్ నగర నాయకుల ముందున్న ఆశ ఇదే. కౌన్సిల్ వాయిదాల మీద వాయిదాలు వేసి చివరకు 1990 నవంబరులో ఎన్నిక పెట్టింది. 1984లోనూ 1988లోనూ అధ్యక్ష పదవికి డెమోక్రటిక్ అభ్యర్థిత్వం కోరిన జెస్సీ జాక్సన్ ఒక సెనేటరు, ఫ్లారెన్స్ పెండిల్టన్ రెండో సెనేటరు, చార్లెస్ మోర్లాండ్ ప్రతినిధి. జాక్సన్ వంటి పేరున్న మనిషి రావడంతో దేశం ఒకసారి తల తిప్పి చూసింది. 1993 నవంబరులో ప్రతినిధుల సభలో రాష్ట్ర బిల్లు మొదటిసారి ఓటుకు వచ్చింది: అనుకూలం 153, వ్యతిరేకం 277. జాక్సన్ ఒక్క పదవీకాలంతో సరిపెట్టుకున్నాడు. ఆ స్థానానికి 1996లో గెలిచిన పాల్ స్ట్రాస్ 2002, 2008, 2014, 2020లలో కూడా గెలిచాడు. పెండిల్టన్ తర్వాత మైకేల్ బ్రౌన్ పద్దెనిమిదేళ్లు వున్నాడు. ఆ స్థానానికి 2024లో ఎన్నికైనవాడు అంకిత్ జైన్; పేరు చూస్తేనే మన పాఠకులకు ఆసక్తి కలుగుతుంది. నీడ ప్రతినిధికి రెండేళ్లకోసారి ఎన్నిక. 2020లో ఓయే ఓవోలేవా గెలిచాడు.

ఇక్కడ ఒక చిక్కు విడదీయాలి. ఈ నీడ ప్రతినిధి వేరు, ప్రతినిధుల సభలో 1991లో అడుగుపెట్టిన డెలిగేటు ఎలీనర్ హోమ్స్ నార్టన్ వేరు. డెలిగేటు సభలో కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, కమిటీలో ఓటు వేయవచ్చు. బిల్లు తుది ఆమోదంలో మాత్రం ఓటు లేదు. నీడ ప్రతినిధికి ఇవేవీ లేవు. మామూలు ఓటరు ఒకే కాగితం మీద ఈ రెండు పేర్లూ చూసి తికమకపడితే వాడిని తప్పుపట్టలేం.

మరైతే అలాస్కాలో మూడేళ్లలోపు పండిన పథకం ఇక్కడ ఇన్నేళ్లు గడిచినా ఎందుకు పండలేదు? నాకు తోచిన సమాధానం ఇది. ఎన్నికకు తాళం తీసే శక్తి లేదు. తలుపు లోపలివాళ్లు తీయడానికి ఒక కారణం కావాలి. టెన్నెసీకి జెఫర్సన్ పక్షం అవసరం తోడయింది. అలాస్కా డెమోక్రాట్లకు పోతుందని, హవాయి రిపబ్లికన్లకు పోతుందని లెక్కవేసుకుని, రెండూ తూకంగా వుంటాయని 1959లో రెండింటినీ చేర్చుకున్నారు. (తర్వాత ఆ రెండు రాష్ట్రాలూ తారుమారుగా ఓటు వేయసాగాయి, అది వేరే సంగతి.) వాషింగ్టన్ నగరం అధ్యక్షుడి ఎన్నికలో సుమారు తొంభైశాతం డెమోక్రాట్లకే వేస్తుంది. తూకం వేయడానికి రెండో పళ్లెంలో పెట్టగల ప్రాంతం ఏదీ సిద్ధంగా లేదు. రిపబ్లికన్లు ఇద్దరు కొత్త డెమోక్రాట్ సెనేటర్లను కోరి తెచ్చుకుంటారా?

అయితే వ్యతిరేకులు చెప్పేదంతా పార్టీ లెక్కేనని కొట్టిపారేయడం విద్యార్థి లక్షణం కాదు. వాళ్ల వాదనల్లో ఒకటి గట్టిది. రాష్ట్ర బిల్లు ప్రకారం వైట్‌హౌస్, కాపిటల్ వున్న కాస్త మేర మాత్రం ఫెడరల్ జిల్లాగా మిగిలి, తక్కినదంతా రాష్ట్రమవుతుంది. అప్పుడు 23వ సవరణ ఇచ్చిన మూడు అధ్యక్ష ఓట్లు ఆ చిన్న మేరలో వుండే గుప్పెడు మందికి దక్కుతాయి. ఆ సవరణను రద్దు చేయాలి, అది బిల్లుతో అయ్యే పని కాదు. మిగిలిన భాగాన్ని మేరీలాండ్‌కే తిరిగి ఇవ్వమనేవాళ్లూ వున్నారు. కాని ఆ ప్రతిపాదన మీద నగరానికీ ఉత్సాహం లేదు, మేరీలాండ్‌కూ లేదు. కోర్టులు ఆదుకుంటాయన్న ఆశ 2000లో పోయింది. కాంగ్రెసులో ఓటు రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదన్న కింది కోర్టు తీర్పును సుప్రీంకోర్టు నిలబెట్టింది.

ఏ ప్రయోజనమూ లేనప్పుడు ఈ ఎన్నిక తంతు దేనికి అనేవాళ్లు నగరంలోనే వున్నారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. ముప్పైఏళ్లకు పైగా జరిగిన నిరసన అలవాటుగా మారుతుంది. అభ్యర్థి పేరు కూడా తెలియకుండా పార్టీ గుర్తు చూసి ఓటు వేసేస్తారు. అలాస్కాలో నీడ పదవి రెండేళ్ల పని, ఇక్కడ అదొక ఉద్యోగం లాంటిదైంది, జీతం లేని ఉద్యోగం. నా అభిప్రాయంలో పథకంలోని ఈ లోపం చిన్నది కాదు. అయినా ఎన్నికను ఎత్తేయమనలేను. ఒక్క పోలిక చెబుతాను. 1998లో వైద్యం కోసం గంజాయి వాడవచ్చా అన్న ప్రశ్న మీద నగర ఓటర్లు ఓటు వేశారు. ఆ ఓట్లు లెక్కపెట్టడానికి నగరం తన డబ్బు ఖర్చుపెట్టకూడదని కాంగ్రెసు ఆంక్ష పెట్టింది. కోర్టు జోక్యం చేసుకుని 1999లో తెరిపిస్తే 69 శాతం అనుకూలమని తేలింది. వేసిన ఓటును లెక్కించనివ్వని చోట, ఓటు వేస్తూనే వుండడం మేం రాజీపడలేదని చెప్పడమే.

ఫలితం ఏమీ లేదనడం కూడా సరికాదు. 2016లో రాష్ట్రం కావాలా అని నేరుగా అడిగితే సుమారు 86 శాతం కావాలన్నారు. పేరు మారింది: వాషింగ్టన్, డగ్లస్ కామన్‌వెల్త్. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చి జాతికి గొంతుకై, చివరి రోజులు ఆ నగరంలోనే గడిపిన ఫ్రెడరిక్ డగ్లస్ పేరది. పొట్టి అక్షరాలు డి.సి. అలాగే మిగిలాయి, కనక బోర్డులు మార్చే ఖర్చు తప్పుతుంది. 2020 జూన్ 26న ప్రతినిధుల సభ చరిత్రలో మొదటిసారి రాష్ట్ర బిల్లును 232-180తో, 2021 ఏప్రిల్ 22న మళ్లీ 216-208తో ఆమోదించింది. 1993 అంకెల పక్కన పెట్టి చూడండి. సెనేట్ మాత్రం రెండుసార్లూ ఓటుకే పెట్టలేదు. నీడ సెనేటర్లకు కుర్చీ లేనిది ఆ సభలోనే. ప్యూర్టోరికో కూడా ఇదే దారి చూసి 2021 మేలో ఇద్దరు నీడ సెనేటర్లను, నలుగురు నీడ ప్రతినిధులను ఎన్నుకుంది.

ఈ మధ్య జరిగినవి చూస్తే ఇది పుస్తకాల సమస్య కాదని తెలుస్తుంది. 2021 జనవరి 6న కాపిటల్ మీద గుంపు దాడి చేసిన రోజున నేషనల్ గార్డును తనంత తాను పిలిపించే అధికారం నగర మేయరుకు లేదు. రాష్ట్ర గవర్నరుకైతే వుండేది. 2023లో నగర కౌన్సిల్ సవరించిన శిక్షాస్మృతిని కాంగ్రెసు రద్దు చేసింది. సెనేట్‌లో 81 మంది రద్దుకు ఓటు వేశారు; వాళ్లలో డెమోక్రాట్లు కూడా చాలామంది వున్నారు. 2025 ఆగస్టులో అధ్యక్షుడు ట్రంప్ 1973 చట్టంలోని ఒక సెక్షన్ ఆధారంగా నగర పోలీసును తన అజమాయిషీలోకి తీసుకుని, వీధుల్లో నేషనల్ గార్డును దింపాడు.

అంకిత్ జైన్ పదవీకాలం మొదలైంది 2025 జనవరిలో. ఆ మార్చిలోనే కాంగ్రెసు ఆమోదించిన తాత్కాలిక వ్యయ బిల్లులో, నగరం తన ప్రజల నుంచి వసూలు చేసుకున్న సొంత డబ్బులో సుమారు 100 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టుకోవడానికి వీలులేకుండా పోయింది. దాన్ని సరిదిద్దే బిల్లును సెనేట్ వెంటనే ఆమోదించింది. ప్రతినిధుల సభ దాన్ని చేపట్టకుండానే వదిలేసింది.